లేవమంటే లేవదు, పడుకోమంటే పడుకోదు

టి. నగర్ దుకాణాల నుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించేవి రెండే మాటలు. "అక్కా, రాత్రి కొట్టు మూసేదాకా బాగానే ఉన్నింది, పొద్దున ఆన్ చేస్తే బిల్లు రావడంలా" అనేది మొదటిది. "అక్కా, వద్దని ఆపేసినా మళ్లీ వచ్చి కూర్చుంటా ఉంది" అనేది రెండోది. వినడానికి ఒకదానికొకటి పొంతన లేనట్టుంటాయి గానీ రెండిటి మూలం ఒక్కటే. లినక్స్‌లో ఒక పని ఇప్పుడు నడుస్తోందా అనేది వేరు, రేపు పొద్దున మీట నొక్కగానే దానంతట అది లేస్తుందా అనేది వేరు. ఈ రెండిటినీ కలగలిపి చూసినంతకాలం మెషిన్ మన మాట వినదు.

ఉస్మాన్ రోడ్డు మీది పెద్ద జవుళి దుకాణాలకు సొంత ఇంజనీర్లుంటారు. నేను చూసుకునేవి వాటి నీడలో బతికే చిన్న కొట్లు. జాకెట్ ముక్కలు, ఫాల్స్, లైనింగులు అమ్మే మ్యాచింగ్ సెంటర్లు, కవరింగ్ నగల కొట్లు, పాండీ బజారు సందుల్లోని జెరాక్స్ షాపులు. మా నాన్న సినిమా ల్యాబులో పనికని నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను పుట్టి పెరిగింది మాంబళం స్టేషను దగ్గర. ఈ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు, పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా తెలుగువాడు. 1920లలో పెద్ద చెరువును పూడ్చి వేసిన ఈ వీధుల్లో గల్లాపెట్టె దగ్గర ఇప్పటికీ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. కంప్యూటర్ తెర మీద వచ్చే హెచ్చరికలు మాత్రం ఇంగ్లీషులో వస్తాయి. వాటిని విడమరిచి తెలుగులో చెప్పేవాళ్లు లేక, ఒక్క వాక్యం అర్థమైతే పోయే చిక్కుకు పూటంతా బేరం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఈ వ్యాసం వాళ్ల కోసం.

ఈ కొట్లలోకి లినక్స్ రావడానికి మొదటి కారణం ఖర్చు. లైసెన్సు రుసుము లేదు, పాత మెషిన్ల మీద కూడా నడుస్తుంది. రెండో కారణం మా పిల్లలు. తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే బాస్ అనే లినక్స్ కూడా ఉండేది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అని దాని పూర్తి పేరు. డెబియన్ అనే లినక్స్ ఆధారంగా దాన్ని తయారుచేసింది మన చెన్నైలోని సీడాక్ కేంద్రమే. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ ఇలాగే డెబియన్ మీద తెలుగు మెనూలతో ఒక వ్యవస్థను తెచ్చింది. మా వీధి పిల్లల్లో చాలామంది లినక్స్ అనే మాట మొదట విన్నది ఆ సర్కారు ల్యాప్‌టాప్‌ల దగ్గరే. చదువులయ్యాక నాన్న కొట్లో బిల్లింగ్ పెట్టింది కూడా వాళ్లే.

ఇక అసలు సంగతి. మీట నొక్కాక లినక్స్‌లో ముందు లేచేది దాని గుండెకాయ లాంటి కెర్నల్. అది డిస్కునూ మెమరీనీ పోల్చుకుని, చివరికి ఒకే ఒక్క ప్రోగ్రామును లేపుతుంది. దానికి 1 అనే నంబరు. మిగతా అందరినీ లేపే బాధ్యత ఆ ఒకటో నంబరుదే. ఈరోజు డెబియన్, ఉబుంటు, ఫెడోరా లాంటి చాలా లినక్స్‌లలో ఆ స్థానంలో ఉండేది సిస్టమ్‌డీ. తెర వెనక నిరంతరం నడిచే ఒక్కో పనినీ సర్వీసు అంటారు. నెట్‌వర్క్ ఒక సర్వీసు, ప్రింటింగ్ ఒక సర్వీసు. మన కొట్టుకోసం మనం రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రామును కూడా అలా ఒక సర్వీసుగా పెట్టుకోవచ్చు. అందుకు కావలసింది చిన్న కాగితం ముక్కంత ఫైలు. దాన్ని ఈటీసీ ఫోల్డర్లోని సిస్టమ్‌డీలో, దాని లోపలి సిస్టమ్ అనే ఫోల్డర్లో ఉంచుతాం. పేరు బిల్లింగ్ డాట్ సర్వీస్ అనుకుందాం. అందులో మూడు భాగాలుంటాయి. ఇదేమిటి, ఎవరి తర్వాత లేవాలి అనేది యూనిట్ భాగంలో. ఏ ప్రోగ్రామును, ఎవరి పేరుమీద నడపాలి అనేది సర్వీస్ భాగంలో. మెషిన్ లేచేటప్పుడు ఏ ఘట్టంలో దీన్ని పిలవాలి అనేది ఇన్‌స్టాల్ భాగంలో.

కొట్లో గోడకు తగిలించే డ్యూటీ చార్టు అందరికీ తెలిసిందే కదా. చార్టులో పేరు రాయడం ఎనేబుల్. మనిషిని ఇప్పుడే రమ్మని పిలవడం స్టార్ట్. చార్టులో పేరు కొట్టెయ్యడం డిజేబుల్. కౌంటర్లో నిలబడ్డవాణ్ణి ఇంటికి పంపడం స్టాప్. పేరు రాసినంత మాత్రాన మనిషి ఈ క్షణాన వచ్చి నిలబడడు. పిలిస్తే వచ్చినంత మాత్రాన రేపటి చార్టులో పేరు చేరదు. పేరు కొట్టేసినా ఇప్పుడు కౌంటర్లో ఉన్నవాడు ఉన్నట్టే ఉంటాడు. నాకొచ్చే ఫోన్లలో పెద్ద వాటా ఈ నాలుగు పనుల్లో ఒకటి చేసి రెండోది కూడా జరిగిపోయిందనుకోవడం వల్ల వచ్చినవే.

ఆ చార్టు కంప్యూటర్లో ఎక్కడుంటుందో కళ్లారా చూడొచ్చు. ఎనేబుల్ చెయ్యగానే తెర మీద క్రియేటెడ్ సిమ్‌లింక్ అని ఒక వాక్యం వస్తుంది. మల్టీ యూజర్ డాట్ టార్గెట్ డాట్ వాంట్స్ అనే ఫోల్డర్లో మన ఫైలు వైపు చూపించే ఒక గుర్తు పెట్టానని దాని అర్థం. అంతే, ఎనేబుల్ అంటే ఆ గుర్తు. డిజేబుల్ అంటే ఆ గుర్తును తీసెయ్యడం. ఇందులో మంత్రమేమీ లేదు. ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే పొద్దున లేవాల్సినవాళ్ల పేర్లు వరసగా కనిపిస్తాయి. మన ఫైల్లో ఇన్‌స్టాల్ భాగం రాయకపోతే గుర్తు ఎక్కడ పెట్టాలో సిస్టమ్‌డీకి తెలియదు. అప్పుడు ఎనేబుల్ అన్నా ఏమీ జరగదు, ఇన్‌స్టాలేషన్ వివరాలు లేవని పొడుగాటి హెచ్చరిక ఒకటి వస్తుంది. దాన్ని చదవకుండా తెర మూసేసేవాళ్లే ఎక్కువ.

రంగనాథన్ వీధి పక్క సందులో ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. యజమాని మా నెల్లూరువాడే. వేరే మనిషి ఎవరో వచ్చి బిల్లింగ్ సర్వీసు పెట్టి, స్టార్ట్ అని కొట్టి, బిల్లు వస్తోందని చూపించి వెళ్లాడట. మర్నాడు పొద్దున బిల్లు లేదు. నేను వెళ్లేసరికి కొట్లో పెళ్లివాళ్లు, చీరలు పట్టుకుని రంగు కలపమంటూ ముగ్గురు ఆడవాళ్లు. ఆయన చేత్తో బిల్లులు రాస్తున్నాడు.

"ఏందక్కా ఇది, నిన్న నడిచిందానికి ఇయ్యాళ ఏం రోగం?"

"రోగం కాదు నాయనా, దీన్ని ఎవరూ లేపలా. చూడు" అని టెర్మినల్ తెరిచి సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ బిల్లింగ్ అని కొట్టాను. ఈ ఆదేశాలన్నీ టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టాలి, మార్పులు చేసేవాటికి ముందు సుడో చేర్చాలి. స్టేటస్ ఇచ్చే జవాబులో చూడాల్సినవి రెండు వరసలు. లోడెడ్ అనే వరసలో ఫైలు ఎక్కడుందో చెప్పి, పక్కనే ఎనేబుల్డ్ అనో డిజేబుల్డ్ అనో ఉంటుంది. అది రేపటి సంగతి. యాక్టివ్ అనే వరసలో రన్నింగ్ అనో, డెడ్ అనో, ఫెయిల్డ్ అనో ఉంటుంది. అది ఇప్పటి సంగతి. ఆయన మెషిన్లో మొదటి వరసలో డిజేబుల్డ్, రెండో వరసలో డెడ్. తప్పేమీ జరగలేదు, లేవమని ఎవరూ చెప్పలేదు, కాబట్టి లేవలేదు. ఎనేబుల్ అని, దాని పక్కన రెండు చిన్న గీతలు పెట్టి నౌ అని చేర్చి కొడితే రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి. చార్టులో పేరూ పడుతుంది, మనిషీ వస్తాడు. బిల్లు వచ్చింది.

కొన్నాళ్లు నడిచింది. తర్వాత మళ్లీ అదే ఫోను. ఈసారి లోడెడ్ వరసలో ఎనేబుల్డ్ అనే ఉంది, యాక్టివ్ వరసలో మాత్రం ఎర్రగా ఫెయిల్డ్. ఈ తేడా గమనించడమే సగం వైద్యం. పేరు చార్టులో ఉంది, పిలుపూ అందింది, వచ్చి పడిపోయింది. ఎందుకు పడిపోయిందో జర్నల్ చెబుతుంది. జర్నల్‌సీటీఎల్ అని కొట్టి, యూ గీతతో సర్వీసు పేరు, బీ గీతతో ఈరోజు మెషిన్ లేచినప్పటినుంచి అని అడిగితే, ఆ సర్వీసు తాలూకు రాతలన్నీ వరసగా వస్తాయి. అందులో చివర్లో కనిపించేది స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్‌లీ అనే వాక్యం. చాలామంది ఈ వాక్యాన్నే పట్టుకుని దానికి మందు వెతుకుతారు. అది జబ్బు కాదు. పడిపోతే మళ్లీ లేపు అని మన ఫైల్లో రాసి ఉంది. సిస్టమ్‌డీ మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు లేపి చూస్తుంది, అప్పటికీ పడిపోతుంటే ఇక నావల్ల కాదని చేతులెత్తేస్తుంది. ఆ చివరి మాట చేతులెత్తేయడం గురించే. అసలు కారణం దానికి పైన, మొదటిసారి పడిపోయినచోట ఉంటుంది. అందుకే జర్నల్‌ను ఎప్పుడూ పైకి వెళ్లి చదవాలి.

పైన 203 అనే అంకె, పక్కన ఎగ్జెక్ అనే మాట ఉన్నాయి. ప్రోగ్రామును అసలు మొదలుపెట్టలేకపోయాను అని దాని అర్థం. కారణం దగ్గర నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అని ఉంది. ఫైలేమో కళ్లముందే ఉంది! ఇక్కడే మనుషులు తల పట్టుకుంటారు. "ఈ స్క్రిప్టును ఎవరైనా తెరిచారా?" అని అడిగాను. కొడుకు ముందుకొచ్చాడు. బిల్లు మీద ఫోన్ నంబరు మార్చాలని పెన్‌డ్రైవులో ఇంటికి తీసుకెళ్లి, విండోస్‌లో వర్డ్‌ప్యాడ్‌లో తెరిచి, సేవ్ చేసి తెచ్చి వేశాడట. విండోస్ ప్రతి వరస చివరా లినక్స్ పెట్టే గుర్తుకు ముందు ఇంకో గుర్తు పెడుతుంది. అది తెర మీద కనపడదు. స్క్రిప్టు మొదటి వరసలో దీన్ని బ్యాష్‌తో నడుపు అని ఉంటుంది. కనపడని ఆ గుర్తు బ్యాష్ పేరుకు అతుక్కునేసరికి, అలాంటి పేరుగల ప్రోగ్రాము ఎక్కడా లేదని కెర్నల్ చెబుతుంది. లేదన్నది మన స్క్రిప్టు కాదు, దాన్ని నడపాల్సిన ప్రోగ్రాము. డాస్ టు యునిక్స్ అనే చిన్న పనిముట్టుతో ఆ గుర్తులు తుడిచేస్తే ఫోన్ నంబరూ మారింది, బిల్లూ వచ్చింది. అదే 203 పక్కన పర్మిషన్ డినైడ్ అని ఉంటే కథ వేరు. ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వలేదని, సీహెచ్‌మోడ్‌తో ఇవ్వాలని అర్థం. 217 వస్తే మనం రాసిన యూజర్ పేరు ఆ మెషిన్లో లేదని. 200 వస్తే పనిచేయాల్సిన ఫోల్డర్ దొరకలేదని. ఈ అంకెల్ని దుకాణదారులు బట్టీ పట్టాలని నేననను. ఆ వరసను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే చాలు, చూసేవాళ్లకు సగం దారి తెరుచుకుంటుంది.

ఈ జర్నల్ అనే సదుపాయం పాతకాలంలో ఇలా లేదు. అప్పట్లో ఈటీసీలోని ఇనిట్ డాట్ డీ ఫోల్డర్లో స్క్రిప్టులుండేవి. వాటి పేర్ల ముందు నంబర్లు వేసి, ఆ వరసలో ఒకదాని తర్వాత ఒకటి నడిపేవారు. లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనేవాళ్లు 2010లో సిస్టమ్‌డీని ముందుకు తెచ్చారు. మరుసటి ఏడు ఫెడోరా 15 దాన్ని స్వీకరించింది. డెబియన్‌లో పెద్ద వాదమే జరిగింది. 2014 ఫిబ్రవరిలో వాళ్ల సాంకేతిక కమిటీ సరిసమానంగా చీలిపోతే, అధ్యక్షుడు బ్డేల్ గార్బీ తన నిర్ణాయక ఓటును సిస్టమ్‌డీకి వేశాడు. 2015 ఏప్రిల్లో వచ్చిన డెబియన్ 8 నుంచి అదే ప్రామాణికం. అదే నెలలో ఉబుంటు కూడా మారింది. ఒప్పుకోనివాళ్లు విడిపోయి దేవువాన్ అనే వేరు కుంపటి పెట్టుకున్నారు. ఒకే ప్రోగ్రాము ఇన్ని పనులు నెత్తినేసుకోవడం మంచిది కాదన్న వాళ్ల వాదనలో న్యాయముందని నేనూ అనుకుంటాను. కానీ కొట్టు తెరిచి ఉండగా, కస్టమర్ నిలబడి ఉండగా, ఎందుకు పడిపోయిందో రెండు నిమిషాల్లో చెప్పే సాధనం కావాలి. అది నాకు స్టేటస్‌లోనూ జర్నల్‌లోనూ దొరికింది. నా ఓటు అటే.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, పాత సలహాలు ఇంకా ఊరంతా తిరుగుతున్నాయి. ఆర్‌సీ డాట్ లోకల్ అనే ఫైల్లో ఒక వరస రాసెయ్, అదే నడుస్తుంది అని ఎవరో చెబుతారు. ఇప్పటి ఉబుంటులో ఆ ఫైలే ముందుగా ఉండదు. మనం సృష్టించి రాసినా, నడిచే అనుమతి ఇవ్వకపోతే సిస్టమ్‌డీ దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది, తెర మీద ఒక్క మాట చెప్పదు. కొత్తగా పెట్టేవాళ్లు ఆ దారి పట్టకుండా సర్వీసు ఫైలే రాసుకోవాలి.

చేత్తో నడిపితే నడిచి, పొద్దున దానంతటది లేవనివాటిలో మిగతా కారణాలు ఎక్కువగా తొందరపాటుకు సంబంధించినవి. మనం లాగిన్ అయ్యాక పెన్‌డ్రైవో ఎక్స్‌టర్నల్ డిస్కో దానంతటది తెరుచుకుంటుంది. సర్వీసేమో మనం లాగిన్ కాకముందే లేస్తుంది. బిల్లుల డేటా ఆ డిస్కులో ఉంటే అప్పటికి అది లేదు. ఆ డిస్కును ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో నమోదు చేసి, సర్వీసు ఫైల్లో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అని రాయాలి. ఎఫ్‌స్టాబ్‌లో రాసేటప్పుడు నోఫెయిల్ అనే మాట మరవకూడదు. మరిస్తే డిస్కు పెట్టని రోజున మెషిన్ 90 సెకన్లు ఎదురుచూసి, అప్పటికీ అది రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి నల్ల తెర చూపిస్తుంది.

నెట్ సంగతీ అంతే. నెట్‌వర్క్ డాట్ టార్గెట్ అనే ఘట్టం తర్వాత లేవమని రాస్తే నెట్ వచ్చాక లేస్తుందని అనుకుంటారు. అలా కాదు. నెట్ నిజంగా అందాక లేవాలంటే నెట్‌వర్క్ ఆన్‌లైన్ డాట్ టార్గెట్ అని రాయాలి. అదీ రెండుచోట్ల రాయాలి. ఆఫ్టర్ దగ్గర రాస్తే వరస మాత్రమే చెప్పినట్టు, వాంట్స్ దగ్గర కూడా రాస్తేనే దాన్ని కావాలని అడిగినట్టు. వైఫై మీద ఉన్న బిల్లు ప్రింటర్లు పొద్దున్నే మొరాయించడానికి ఈ ఒక్క వరస లేకపోవడమే కారణమైన కొట్లు చాలా చూశాను. ఇంకొకటి. కిటికీ తెరిచి మన ముందుకొచ్చే ప్రోగ్రాములను ఇలా సర్వీసుగా పెట్టకూడదు. ఆ వేళకు తెరే ఇంకా సిద్ధం కాదు. వాటికి డెస్క్‌టాప్‌లోని ఆటోస్టార్ట్ జాబితా సరైన చోటు.

ఫైల్లో ఏ చిన్న మార్పు చేసినా సిస్టమ్‌సీటీఎల్ డీమన్ రీలోడ్ అని కొట్టాలి. లేకపోతే సిస్టమ్‌డీ తన దగ్గరున్న పాత ప్రతినే పట్టుకుని ఉంటుంది, మనం కొత్తది రాశామనుకుంటూ ఉంటాం. ఆ తర్వాత రీస్టార్ట్. ఇన్‌స్టాల్ భాగంలో మార్చితే రీఎనేబుల్ కూడా చెయ్యాలి, ఎందుకంటే పాత గుర్తు పాతచోటే ఉండిపోతుంది.

ఇక రెండో ఫిర్యాదు, పడుకోమంటే పడుకోనిది. పాండీ బజారులో ఒక జెరాక్స్ షాపు. చాలాకాలం కిందట ఎవరో పెట్టిన బ్యాకప్ సర్వీసు ఒకటి ఆ మెషిన్లో ఉంది. అది కాపీ చేయాల్సిన డిస్కును వాళ్లు ఎప్పుడో తీసేశారు. అయినా రోజూ మధ్యాహ్నం, సరిగ్గా కాలేజీ పిల్లలు రికార్డులు బైండింగుకు తెచ్చే వేళకు, అది లేచి ఉన్న డిస్కునంతా తవ్వి పోసేది. మెషిన్ నత్తనడక. షాపులో పనిచేసే అబ్బాయి చురుకైనవాడు, స్టాప్ చేశాడు, డిజేబుల్ కూడా చేశాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే. "నేను చేసింది తప్పా అక్కా?" అని దిగాలుగా అడిగాడు. చేసింది తప్పు కాదు. మాట చెప్పాల్సినవాళ్లకు చెప్పలేదు, అంతే.

ఒక సర్వీసును లేపేది పొద్దుటి చార్టు ఒక్కటే కాదు. టైమర్ లేపొచ్చు. సాకెట్ లేపొచ్చు, అంటే ఎవరైనా తలుపు తడితే లేచేది. ఇంకో సర్వీసు తనకు తోడు కావాలని లేపొచ్చు. పాత పద్ధతిలో క్రాన్ అనే పట్టికలో ఎవరో రాసిన వరస లేపొచ్చు. ఆ అబ్బాయితో సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్ టైమర్స్ అని కొట్టించాను. తర్వాతి పిలుపు ఎప్పుడు, కిందటి పిలుపు ఎప్పుడు, ఎవరికి అని పట్టీ వచ్చింది. అందులో బ్యాకప్ డాట్ టైమర్ కనపడగానే వాడి మొహం వెలిగింది. ఆ సర్వీసు ఫైల్లో ఇన్‌స్టాల్ భాగమే లేదు, కాబట్టి డిజేబుల్ చేయడానికి అక్కడ ఏమీ లేదు. స్టేటస్‌లో స్టాటిక్ అని ఉన్నది అందుకే. ఎనేబుల్ అయి ఉన్నది టైమర్. డిజేబుల్ నౌ అని టైమర్‌కు చెప్పించాను. మధ్యాహ్నాలు ప్రశాంతంగా గడిచాయి.

ప్రింటింగ్ నడిపే క్యూప్స్ దగ్గర ఇదే చిక్కు ఇంకా పెద్దగా ఉంటుంది. దాన్ని ఆపితే, ఆపాను గానీ క్యూప్స్ డాట్ సాకెట్ దీన్ని మళ్లీ లేపగలదు అని సిస్టమ్‌డీ చెబుతుంది. దాన్ని డిజేబుల్ చేసినా, నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను వెతికే క్యూప్స్ బ్రౌజ్డ్ అనే సర్వీసు ఎనేబుల్ అయి ఉంటే, నాకు క్యూప్స్ తప్పనిసరి అని అది రాసుకుని ఉంటుంది కాబట్టి వెంట లాక్కొస్తుంది. 2024 సెప్టెంబరులో ఈ క్యూప్స్ బ్రౌజ్డ్‌లో ప్రమాదకరమైన లొసుగులు బయటపడ్డాయి. ఇటలీకి చెందిన సిమోన్ మార్గరిటెల్లి వాటిని వెల్లడించాడు. అవసరం లేనివాళ్లు దాన్ని ఆపేసి డిజేబుల్ చేయండని ప్రపంచమంతా సలహా ఇచ్చారు. ఆ వారం నేను మా కొట్లన్నీ తిరిగాను. యూఎస్‌బీ తీగతో ఒకే ప్రింటర్ పెట్టుకున్న కొట్టుకు వీధిలోని ప్రింటర్లను వెతికే సర్వీసు ఎందుకు? అయినా దాదాపు అన్నిచోట్లా అది లేచి కూర్చునే ఉంది. డెబియన్, ఉబుంటులలో ఒక ప్యాకేజీ వేయగానే దాని సర్వీసు దానంతటదే ఎనేబుల్ అయిపోతుంది. మనం అడగలేదు, అయినా చార్టులో పేరుంది. అందుకే మన మెషిన్లో పొద్దున ఎవరెవరు లేస్తున్నారో యజమానికి తెలిసి ఉండాలని నేను పట్టుబడతాను. లిస్ట్ యూనిట్ ఫైల్స్ అని, స్టేట్ ఎనేబుల్డ్ అని అడిగితే మొత్తం జాబితా వస్తుంది. ఎవరు ఎవర్ని లాక్కొస్తున్నారో తెలియాలంటే లిస్ట్ డిపెండెన్సీస్‌కు రివర్స్ చేర్చి ఆ సర్వీసు పేరు ఇవ్వాలి.

ఎవరు పిలిచినా లేవకూడదంటే మాస్క్ ఉంది. ఆ సర్వీసు పేరును డెవ్ నల్ అనే శూన్యానికి కట్టేస్తుంది. చేత్తో స్టార్ట్ అన్నా లేవదు, అన్‌మాస్క్ చేసేదాకా అంతే. ప్యాకేజీతో వచ్చిన సర్వీసులకు ఇది బాగా పనిచేస్తుంది. మనం సొంతంగా రాసుకున్నదానికి మాత్రం అడ్డం తిరుగుతుంది. ఫైలు ఇప్పటికే ఉంది, మాస్క్ చేయలేను అంటుంది. మాస్క్ గుర్తు పెట్టాల్సిన చోటూ మన ఫైలు ఉన్న చోటూ ఒక్కటే కావడం దానికి కారణం. ప్యాకేజీల ఫైళ్లు వేరే ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి వాటికి ఈ ఇబ్బంది రాదు. మన సొంత సర్వీసును పూర్తిగా మూయాలంటే ఆ ఫైలునే అక్కడినుంచి వేరే చోటుకు మార్చాలి.

మార్చేటప్పుడైనా, చెరిపేటప్పుడైనా వరస ముఖ్యం. ముందు డిజేబుల్ నౌ. తర్వాత ఫైలు తియ్యడం. తర్వాత డీమన్ రీలోడ్. చివర రీసెట్ ఫెయిల్డ్, ఎర్రగా మిగిలిన పాత వరసలు పోవడానికి. ముందే ఫైలు చెరిపేస్తే వాంట్స్ ఫోల్డర్లో గుర్తు అలాగే ఉండిపోతుంది. లేని ఫైలు వైపు చూపిస్తూ, తర్వాత వచ్చినవాళ్లను గందరగోళపెడుతుంది.

ఒక్కోసారి మనం పెట్టిన సర్వీసే మెషిన్‌ను పూర్తిగా లేవనీయకుండా అడ్డుపడుతుంది. ఏ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ అని ఎర్ర చుక్కలు అటూ ఇటూ తిరుగుతూ, నిమిషంన్నర లెక్క నడుస్తూ ఉంటుంది. అప్పుడు ప్లగ్గు పీకకండి. లెక్క పూర్తయ్యేదాకా ఆగితే చాలాసార్లు మెషిన్ లేస్తుంది, లేచాక డిజేబుల్ చేసుకోవచ్చు. అప్పటికీ లేవకపోతే, రీస్టార్ట్ చేసి గ్రబ్ అనే బూట్ మెనూ వచ్చినప్పుడు ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర సిస్టమ్‌డీ డాట్ మాస్క్, సమానం గుర్తు, ఆ సర్వీసు పూర్తి పేరు టైపు చేసి, కంట్రోల్ ఎక్స్ కొట్టండి. ఆ ఒక్కసారికి ఆ సర్వీసు లేవదు. సొంత ఫైలున్నా ఇక్కడ అడ్డం రాదు. మెషిన్ మామూలుగా తెరుచుకుంటుంది, అప్పుడు కూర్చుని జర్నల్ చదువుకోవచ్చు.